పెద్దవాళ్ల అక్యూట్ లుకేమియా: డాక్టరు ‘ట్రయల్’ అన్నప్పుడు ఏం చూడాలి, ఏం అడగాలి

ఎముక మజ్జ పరీక్ష రిపోర్టు చేతికొచ్చిన రోజే డాక్టరు “ఒక క్లినికల్ ట్రయల్ నడుస్తోంది, చేరతారేమో ఆలోచించుకోండి” అన్నారనుకోండి, ఇంట్లో అప్పటికప్పుడు రెండు పార్టీలు తయారవుతాయి. బాబాయి “మన మనిషి మీద ప్రయోగాలేంటి, వద్దంటే వద్దు” అంటాడు, బావ “కొత్త మందంట, పైగా ఫ్రీ అంట, సంతకం పెట్టేద్దాం” అంటాడు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది: చేరకపోతే మన మనిషికి ఏ వైద్యం దొరుకుతుంది? అది తెలియకుండా ట్రయల్ మంచిదా చెడ్డదా అని ఎంత వాదించుకున్నా టైం వేస్టే. కింద రాసిందంతా ఆ ఒక్క పోలిక సరిగ్గా చేసుకోవడానికే. ఏ మందు వాడాలో చెప్పేది మీ డాక్టరే, నేను కాదు.

ముందు జబ్బు పేరు పూర్తిగా తెలుసుకోండి

“బ్లడ్ క్యాన్సర్” అంటే చాలదు, “అక్యూట్ లుకేమియా” అన్నా చాలదు. ఏఎంఎల్ అంటే మైలాయిడ్ రకం, ఏఎల్ఎల్ అంటే లింఫోబ్లాస్టిక్ రకం, ఏఎంఎల్‌లోనే ఏపీఎల్ అని ఒక ప్రత్యేక రకం ఉంది, ఈ మూడింటి వైద్యాలకూ పెద్దగా పోలిక లేదు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో మామూలు బ్లడ్ టెస్టులో తెల్లకణాలు విపరీతంగా ఉన్నాయనో, బ్లాస్టులు, అంటే ఎదగని కణాలు, కనిపించాయనో రాసిచ్చాక, మజ్జ తీసి ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులు చూసే పరీక్ష) చేస్తారు, రకం తేలేది అక్కడే. దాంతోపాటు క్రోమోజోముల పరీక్ష, జన్యు పరీక్షలు పంపిస్తారు. ఏఎంఎల్ అయితే ఎఫ్‌ఎల్‌టీ3, ఎన్‌పీఎం1, ఏఎల్ఎల్ అయితే బీసీఆర్-ఏబీఎల్, ఈ జన్యు మార్పులు ఉన్నాయో లేదో అడిగి రాసి పెట్టుకోండి. ఈ శాంపిల్స్ తరచూ పెద్ద ల్యాబులున్న ఊళ్లకు వెళ్తాయి, కొన్ని రిపోర్టులకు వారం, రెండు వారాలు కూడా పడుతుంది. ఈ పేర్లు లేకుండా ఏ ట్రయల్ సెంటరుకు ఫోన్ చేసినా, వాళ్లు మిమ్మల్ని తిరిగి అడిగే మొదటి ప్రశ్న ఇదే.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. రిపోర్టులో ఏపీఎల్ అనే అనుమానం ఉంటే ట్రయల్ గురించి, వేరే ఊరి గురించి, ముహూర్తం గురించి ఆలోచిస్తూ కూర్చోకండి. ఈ రకంలో మొదటి రోజుల్లో ప్రాణం తీసేది రక్తస్రావం. అందుకే జన్యు పరీక్ష ఖాయం కాకముందే, అనుమానం రాగానే ఆట్రా (విటమిన్ ఏ జాతి మందు) మాత్రలు మొదలుపెట్టమంటారు. మొదటి రోజులు దాటితే నయమయ్యే అవకాశం పెద్దవాళ్ల అక్యూట్ లుకేమియాల్లో దీనికే ఎక్కువ. 2013లో వచ్చిన ఒక ట్రయల్‌లో, తెల్లకణాలు మరీ ఎక్కువ లేని ఏపీఎల్ పేషెంట్లలో ఆట్రా, ఆర్సెనిక్ కలిపి ఇచ్చినవాళ్లలో 97 శాతం మందికి రెండేళ్ల వరకు జబ్బు తిరగబెట్టడం లాంటి ఎదురుదెబ్బ ఏదీ తగల్లేదు, ఆట్రాతో కీమో తీసుకున్నవాళ్లలో అది 86 శాతం. ఆర్సెనిక్ ఒక్కదానితోనే మంచి ఫలితాలు చూపించిన పనిలో మన వేలూరు సీఎంసీకి పెద్ద పేరుంది. విషం అని పేరుపడ్డ పదార్థం ఇంత దాకా వచ్చిందంటే ట్రయల్స్ వల్లే కదా, “ప్రయోగాలా” అని చిరాకు పడే బాబాయికి ఇది చెప్పొచ్చు.

మిగతా రకాల్లో టైం లెక్క వేరుగా ఉంటుంది. కొత్తగా తేలిన పేషెంట్ల కోసం పెట్టిన ట్రయల్స్‌లో చాలావాటికి “ఇంతకుముందు కీమో తీసుకుని ఉండకూడదు” అనే షరతు ఉంటుంది. అంటే మొదటి కీమో సీసా ఎక్కిన క్షణంలోనే ఆ తలుపు మూసుకుపోవచ్చు. కాబట్టి ట్రయల్ సంగతి అడగాల్సింది కీమో మొదలయ్యే ముందే. తెల్లకణాలు ప్రమాదకరంగా పెరిగితే తగ్గించడానికి ఏఎంఎల్‌లో హైడ్రాక్సీయూరియా మాత్రలు, ఏఎల్ఎల్‌లో కొన్ని రోజులు స్టెరాయిడ్ వాడటాన్ని చాలా ట్రయల్స్ ఒప్పుకుంటాయి, “ఈ రెండు మూడు రోజులు దీంతో నెట్టుకురావచ్చా?” అని మీ డాక్టర్ని నేరుగా అడగండి. ఆగడం కుదరదు అని ఆయన అంటే, ఆగకండి. ట్రయల్ కోసం వైద్యం ఆలస్యం చేసుకుని మనిషిని ఐసీయూ దాకా తెచ్చుకోవడం కన్నా మామూలు కీమో వంద రెట్లు మేలు.

చేరకపోతే దొరికేది ఏమిటి

ఇది తెలుసుకోడానికే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఏఎంఎల్‌లో తట్టుకోగలిగిన వయసు, ఒళ్లు ఉన్నవాళ్లకు 1970ల నుంచి పునాది 7+3 అనే కీమోనే, సైటరబిన్ 7 రోజులు, డౌనోరుబిసిన్ 3 రోజులు. ఇన్నేళ్లుగా దాని మీద కొత్తవి కలుపుతూ వస్తున్నారు. ఉదాహరణకు ఎఫ్‌ఎల్‌టీ3 మార్పు ఉన్న 18–59 ఏళ్లవాళ్లకు కీమోతో మిడోస్టారిన్ కలిపిన ట్రయల్ 2017లో వచ్చింది, నాలుగేళ్లకు బతికున్నవాళ్లు మందు ఇచ్చిన గ్రూపులో 51.4 శాతం, ఇవ్వని గ్రూపులో 44.3 శాతం. ఆ ట్రయల్ కోసం 3,277 మందిని పరీక్షిస్తే చివరికి చేరింది 717 మంది. జన్యు పరీక్ష రిపోర్టు కోసం ఎందుకంత పట్టుబడతారో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

75 దాటినవాళ్లకు, లేదా గుండె, కిడ్నీ బాగాలేక పెద్ద కీమో తట్టుకోలేనివాళ్లకు ఇప్పుడు ఎక్కువగా వినపడే జోడీ అజాసిటిడిన్ సూది, వెనెటోక్లాక్స్ మాత్ర. దీని మీద 431 మందితో చేసిన పెద్ద ట్రయల్ 2020లో వచ్చింది. అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్నవాళ్లు బతికింది మధ్యస్థంగా 9.6 నెలలు, రెండూ తీసుకున్నవాళ్లు 14.7 నెలలు. ఈ మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం, సగం మంది తక్కువ కాలం బతికారని. గుంటూరు మిర్చి యార్డులో ఇవాళ్టి సగటు ధర పేపర్లో పడినంత మాత్రాన తన టిక్కీలకు (మిర్చి బస్తాలకు) కచ్చితంగా అదే పలుకుతుందని ఏ రైతూ అనుకోడు, ఈ నెలల లెక్కనూ అలాగే చూడాలి. “మా నాన్నకి 14 నెలలే” అని ఏడవక్కర్లేదు, “14 నెలలు గ్యారంటీ” అని ధీమా పడక్కర్లేదు.

అదే ట్రయల్లో ఇంకో రెండు సంగతులున్నాయి, వార్తల్లో ఇవి రావు. ఒకటి, చేరినవాళ్ల వయసు మధ్యస్థంగా 76. మీ ఇంట్లో పేషెంటుకు 52 ఉంటే ఆ అంకెను నేరుగా తెచ్చి అతికించుకోవడం కుదరదు. రెండు, తెల్లకణాలు పడిపోయి జ్వరం రావడం జోడీ తీసుకున్నవాళ్లలో 42 శాతం, ఒక్క మందు తీసుకున్నవాళ్లలో 19 శాతం. ఎండాకాలంలో, పది మంది వచ్చిపోయే ఇంట్లో, అర్ధరాత్రి జ్వరం వస్తే గంటలో ఆసుపత్రికి చేరగలమా అనేది కూడా మందు ఎంచుకునేటప్పుడు లెక్కే. ఏ ట్రయల్ గురించి చదివినా ఎవరి మీద చేశారు, దేనితో పోల్చారు, ఎంత లాభం, దానికి చెల్లించిన ధర ఏమిటి అనే నాలుగూ వెతకండి, ఒక్క లాభమే రాసిన వార్త సగం వార్త.

ఏఎల్ఎల్ కథ వేరు. బీసీఆర్-ఏబీఎల్ ఉంటే ఇమాటినిబ్, డాసాటినిబ్ లాంటి మాత్రలు కలుస్తాయి, ఒకప్పుడు అన్నిటికన్నా చెడ్డదనుకున్న ఈ రకం జాతకం మారింది వాటితోనే. అది లేని బీ-సెల్ రకంలో, కీమో తర్వాత మజ్జలో జబ్బు ఆనవాలు కనపడనివాళ్లకు కూడా బ్లినటుమొమాబ్ (మన రక్షణ కణాలను లుకేమియా కణాల మీదకు ఉసిగొల్పే మందు) కలిపి చూసిన ట్రయల్ 2024లో అచ్చయింది. చేరింది 30–70 ఏళ్ల మధ్యవాళ్లు, ఆ మందు కలిపిన గ్రూపులో మూడేళ్లకు బతికున్నవాళ్లు 85 శాతం, కీమో మాత్రమే అయితే 68 శాతం. ఇంత తేడా ఈ జబ్బులో తరచూ చూడం. కానీ ఈ మందు ఖరీదు సామాన్యుడికి అందేది కాదు, సెలైన్ లాగా రోజుల తరబడి ఆగకుండా ఎక్కించాలి. ఇక్కడే ట్రయల్ విలువ బయటపడుతుంది: బయట కొనలేని మందు ట్రయల్‌లో దొరుకుతుంటే తూకం ఒక రకం, బయట కూడా సులువుగా దొరికే మందుకు చిన్న మార్పు చేసి చూస్తుంటే తూకం ఇంకో రకం.

తిరగబెట్టిన బీ-ఏఎల్ఎల్‌కు కార్-టీ (పేషెంటు సొంత రక్షణ కణాలనే ల్యాబులో మార్చి తిరిగి ఎక్కించడం) అనే వైద్యం గురించి కూడా వింటుంటారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. అది ఇప్పుడు అనుమతి ఉన్న వైద్యం కాబట్టి “ట్రయల్‌లో ఫ్రీగా ఇస్తారంట” అని వాట్సాప్‌లో వచ్చే పాత మెసేజ్‌ని నమ్మి రైలెక్కకండి, ముందు ఫోన్ చేయండి.

ట్రయల్ ఎక్కడుందో వెతకడం

మన దేశంలో జరిగే ట్రయల్స్ రిజిస్టరయ్యే చోటు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా, సీటీఆర్ఐ అంటారు. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ నడిపే ఈ రిజిస్ట్రీ 2007లో మొదలైంది, కొత్త మందుల ట్రయల్స్‌కు 2009 నుంచి తప్పనిసరి, 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంటును చేర్చకముందే రిజిస్టర్ చేయాలి. ఎవరైనా ట్రయల్ అన్నారంటే మీ మొదటి మాట “సీటీఆర్ఐ నంబరు ఇవ్వండి” అని ఉండాలి. నంబరు ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆగండి.

వెబ్‌సైటులో ఇంగ్లీషులోనే వెతకాలి, జబ్బు పూర్తి పేరు టైప్ చేయండి. ఒక్కో ట్రయల్ పేజీ పొడుగ్గా, పట్టికలతో చూడగానే విసుగొచ్చేలా ఉంటుంది, అంతా చదవక్కర్లేదు. ఎవరు చేరొచ్చు, ఎవరు చేరకూడదు అనే రెండు గళ్లు, కొత్త మందుతో పోల్చేది దేన్ని అనే గడి, ఏ ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఇంకా చేర్చుకుంటున్నారా ఆపేశారా అనే గళ్లు చాలు. చేర్చుకుంటున్నారనే సమాచారం పాతదై ఉండొచ్చు కాబట్టి అక్కడే ఉన్న ఫోన్ నంబరుకు మాట్లాడండి. రిజిస్టర్ అయినంత మాత్రాన ట్రయల్ గొప్పదని ఎవరూ సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు, బహిరంగంగా లెక్కలో ఉందని మాత్రమే.

గుంటూరు, విజయవాడల్లో వైద్యం లేదని కాదు. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటరు ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, కార్పొరేట్ ఆసుపత్రులు సరేసరి. కానీ లుకేమియా ట్రయల్ మీకు కావాల్సిన రకానికి, కావాల్సిన సమయానికి ఇక్కడే దొరక్కపోవచ్చు. అప్పుడు హైదరాబాద్ నిమ్స్, ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్‌వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, వేలూరు సీఎంసీ లాంటివి చూడాలి. వెళ్లే ముందు మజ్జ రిపోర్టు, ఫ్లో రిపోర్టు, జన్యు రిపోర్టులు, వాడిన మందుల చీటీలు ఫోన్‌లో ఫొటోలు తీసి ఒకే ఫైలుగా పెట్టుకోండి. వీలైతే మజ్జ స్లైడ్లు, బ్లాకులు కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకోండి, అక్కడ మళ్లీ చూస్తారు. మనిషిని రైలెక్కించకముందు ఆ ఫైలు పంపి “ఈ పేషెంటు మీ షరతులకు సరిపోతాడా” అని అడిగించుకోవడం మంచిది, ప్లేట్‌లెట్లు పది వేలున్న మనిషిని వేలూరు పక్క స్టేషను కాట్పాడి దాకా కూర్చోబెట్టి తీసుకెళ్లి “సారీ, కిడ్నీ రిపోర్టు కుదరదు” అనిపించుకోవడం కన్నా నరకం లేదు.

సంతకం పెట్టే కాగితం

మన వైపు జనానికి ట్రయల్ అంటే భయం ఉందంటే దానికి కారణం ఉంది. 2011లో పిడుగురాళ్ల ఆడవాళ్లను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లో మందుల పరీక్షలకు తీసుకెళ్లారని పేపర్లన్నీ రాశాయి. అంతకుముందు ఏడాదే ఖమ్మం జిల్లాలో హాస్టల్ ఆడపిల్లలకు వేసిన హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టును ఆపేయాల్సి వచ్చింది, సంతకాలు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు పెట్టారన్నది అప్పట్లో పెద్ద గొడవ. ఆ తర్వాత సుప్రీంకోర్టు జోక్యం, నిబంధనలు బిగించడం జరిగాయి, ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. అయినా రూలు ఉండటం వేరు, మనం అడిగి పట్టుకోవడం వేరు. అడగండి.

సమాచార పత్రం మీకు తెలిసిన భాషలో ఉండాలి. తెలుగు కాపీ అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చుకోండి, “ఇప్పుడే పెట్టాలి” అని తొందరపెడితే ఆ తొందర జబ్బుదా, వాళ్లదా అని నిలదీయండి. చదువు రాని పెద్దవాళ్లయితే ఆసుపత్రికీ ట్రయల్‌కీ సంబంధం లేని సాక్షి దగ్గరుండాలి, మనవడు గబగబా చదివి “అంతా బానే ఉంది తాతయ్యా” అంటే చాలదు. సంతకం చేసిన కాగితం కాపీ మీకు ఇచ్చి తీరాలి. అందులో ఎథిక్స్ కమిటీ (పేషెంట్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) ఫోన్ నంబరు ఉండాలి, డాక్టరు మీద ఫిర్యాదు చేయాల్సొస్తే వెళ్లేది అక్కడికే.

ఏ దశ ట్రయల్ అని అడగండి. మొదటి దశ అంటే మందు ఎంత డోసులో ఇవ్వొచ్చో, ఏం ఇబ్బందులొస్తాయో చూస్తున్నారని అర్థం, జబ్బు తగ్గుతుందనే హామీతో అందులో చేరకూడదు. వేరే దారులు అయిపోయినప్పుడు చేరడం తప్పు కాదు, కళ్లు తెరుచుకుని చేరాలి. మూడో దశలో లాటరీలాగా కంప్యూటరే పేషెంటును ఒక గ్రూపులో వేస్తుంది, డాక్టరు కూడా ఎంచలేరు. “అయితే మనకి మందు లేని ఉత్త గోళీలు పడితే?” అనే టెన్షన్ అందరికీ ఉంటుంది. పైన చెప్పిన వెనెటోక్లాక్స్ ట్రయల్లో ఉత్త గోళీ పడినవాళ్లకు కూడా అజాసిటిడిన్ ఇచ్చారు, అంటే ఉత్త గోళీ అసలు మందుకు బదులు కాదు. అక్యూట్ లుకేమియాలో ఏ వైద్యమూ లేకుండా వదిలేసే గ్రూపు ఉందంటే కచ్చితంగా ఎందుకని అడగండి. ఇంకో ప్రశ్న, చాలామంది మర్చిపోయేది: ఇందులో చేరితే తర్వాత మజ్జ మార్పిడికి అడ్డమా? మార్పిడి అవసరం పడే రకమైతే తోబుట్టువుల హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (మజ్జ సరిపోతుందో లేదో చూసేది) ట్రయల్ నడుస్తుండగానే చేయించుకోవచ్చా అనేదీ అప్పుడే తేల్చుకోండి, ఒక్కో అన్నకో చెల్లికో సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే.

ట్రయల్ మందు వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, తేలినదాన్నిబట్టి నష్టపరిహారం కూడా ఉంటుంది. పెద్ద ఇబ్బంది ఏదైనా వస్తే డాక్టరు 24 గంటల్లోపు అధికారులకు, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. కాబట్టి ఊళ్లో ఉండగా జ్వరమొచ్చి దగ్గర్లోని నర్సింగ్ హోంలో చేరినా సరే, ట్రయల్ సెంటరుకు ఫోన్ చేసి చెప్పండి, ఆ చీటీలు దాచండి.

డబ్బు సంగతి

“ట్రయల్ అంటే అంతా ఫ్రీ” అనేది అర్ధ సత్యం. కంపెనీ పెట్టిన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందు సాధారణంగా ఉచితం. కానీ లుకేమియాలో ఇల్లు గుల్ల చేసేది తరచూ మందు కాదు, ప్లేట్‌లెట్లు, యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు, బెడ్డు, అటెండరుకు లాడ్జి. వీటిలో ఏది ఎవరు కడతారో ఒక్కొక్కటే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆసుపత్రి డాక్టర్లే సొంతంగా చేసే అకడమిక్ ట్రయల్‌లో మీ జేబు నుంచి పడే భాగం ఎక్కువ ఉండొచ్చు, అది మోసం కాదు, ముందే తెలియాలంతే. ప్రయాణ ఖర్చులు ఇస్తారా, నెలకు ఎన్నిసార్లు రమ్మంటారు అనేవి కూడా. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ కింద మామూలు కీమోకు అప్రూవల్ ఉన్నవాళ్లు, ట్రయల్‌లో చేరితే ఆ అప్రూవల్ ఏమవుతుంది, మధ్యలో బయటికొస్తే మళ్లీ దొరుకుతుందా అని ఆసుపత్రి కౌంటర్లోనే ముందు కనుక్కోవాలి.

రక్తదాతల లిస్టు మాత్రం ఇవాళే తయారుచేసుకోండి, ట్రయల్ అయినా కాకపోయినా.

దాచకూడనివి

పసరు, చూర్ణం, ఎవరో పొరుగూరి నుంచి తెచ్చిన కషాయం ఏది తాగినా ట్రయల్ డాక్టరుకు చెప్పండి. తిడతారని దాస్తారు చాలామంది, తర్వాత లివర్ రిపోర్టు తేడా వస్తే అది కొత్త మందు తప్పా, కషాయం తప్పా ఎవరికీ తేలదు, మందు ఆపేస్తారు. అలాగే ఫంగస్ కోసం ఇచ్చే పోసకొనజోల్ లాంటివి వెనెటోక్లాక్స్‌తో పడితే ఆ మందు డోసు బాగా తగ్గించాలి, అందుకే మీ ఊరి మెడికల్ షాపులో కొన్న మాత్రతో సహా ప్రతిదీ రాసిన చీటీ పట్టుకెళ్లండి. పాత కామెర్లు, హెపటైటిస్ బీ, గుండె స్టెంటు, షుగరు, ఇవన్నీ చెప్పాలి. చెబితే చేర్చుకోరేమోనని భయం, కానీ ఆ షరతులు పెట్టింది ఆ మందు అలాంటివాళ్ల ప్రాణం మీదకు తేవచ్చని.

చేరాక నచ్చకపోతే ఏ రోజైనా బయటికి రావచ్చు, కారణం చెప్పక్కర్లేదు, అందువల్ల అదే ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆపకూడదు. అయితే చెప్పకుండా మాయమవడం మాత్రం వద్దు. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, పైగా బయటికొచ్చేటప్పుడు ఏ గ్రూపులో ఉన్నారో, ఏ మందు ఎంత పడిందో రాసిచ్చే డిశ్చార్జి కాగితం తర్వాత చూసే డాక్టరుకు తప్పక కావాలి. ఎవరికి ఏ మందో పేషెంటుకూ డాక్టరుకూ చెప్పని గుడ్డి ట్రయల్ అయితే మందు పేరు వెంటనే చెప్పకపోవచ్చు, అత్యవసరమైతే విప్పి చెప్పే ఏర్పాటు ఉంటుంది, దానికి ఎవరికి ఫోన్ చేయాలో చేరిన రోజే అడిగి పేషెంటు ఫైలు అట్ట మీద రాసిపెట్టండి. మందు బాగా పనిచేస్తుంటే ట్రయల్ ముగిశాక కూడా ఇస్తారా అనేదీ ఆ రోజే అడగాలి, ఆ జవాబు సమాచార పత్రంలో ఏ పేజీలో ఉందో చూపించమనండి.